కిలుము

ఆ వంకాయ రంగు బండి
నాలుగోసారి వచ్చింది మా షెడ్డుకి,
ట్రియెస్తే రేవు వెనక వీధిలోకి,
తనంతట తాను కాదు,
లారీ వీపెక్కి, అలిగిన అల్లుడిలా.

గంటకి మూడు వందల కిలోమీటర్లు పోగలదట.
చేపల బజారు మలుపులో ఆగిపోయింది,
వెనక ఐసు బళ్లవాళ్లు బూతులు తిడుతుంటే.

స్కానర్ తగిలించాను.
పదకొండు కోడ్‌లు. పదకొండు ఫిర్యాదులు.
బ్రేకుల పెట్టె అంటుంది: స్టీరింగ్ నాతో మాట్లాడటం లేదు.
స్టీరింగ్ అంటుంది: ఇంజనే ముందు మౌనం పట్టింది.
ఇంజన్ అంటుంది: గేర్లపెట్టె పోయిందనుకున్నాను.
ఎయిర్‌బ్యాగ్ ఎవరూ పిలవకుండానే వచ్చి సాక్ష్యం చెప్పింది.
ఆస్తి పంపకాల నాటి అన్నదమ్ముల్లా
అందరూ అందరి మీదా.

చెరిపేశాను. తాళం తిప్పాను.
తిరిగొచ్చాయి,
ఉతికి ఆరేసిన చొక్కా మీద
మళ్లీ అదే మరకలా.

అప్పటికే కొత్త బ్యాటరీ వేశాను,
ముందు చక్రానికి సెన్సర్ మార్చాను,
తొమ్మిది వందల యూరోలు పోసి
ఒక కంప్యూటర్ పెట్టె కూడా.
పాతది నిర్దోషి అని తర్వాత తేలింది.
ఆ డబ్బు నా జేబులోంచే పోయింది,
మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

బండి యజమాని ఎజిదియో పళ్ల డాక్టరు.
"నొప్పి పైపంటిదంటారు, పుచ్చు కిందిపంట్లో ఉంటుంది.
మాకూ మామూలే" అన్నాడు,
ఓదార్పో, ఎత్తిపొడుపో.

జోర్కా పనిలో చేరి ఐదు నెలలు.
మాట తక్కువ, గోళ్ల నిండా గ్రీజు.
టైర్ల కంపెనీ క్యాలెండర్ మీద
బండి మొరాయించిన తేదీలకి సున్నాలు చుట్టేది.
ఒక సాయంత్రం అమ్మమ్మతో ఫోన్లో
స్లోవీన్‌లో చాలాసేపు మాట్లాడి వచ్చి,
"నాలుగు, పదకొండు, ఇరవై.
ఆ మూడు రోజులూ ఆవిడకి మోకాళ్లు పట్టేశాయి" అంది.

నవ్వబోయి ఆగాను.
ఆ మూడు రోజులూ సిరోకో.
సముద్రం మీంచి తడిగుడ్డలా వచ్చి
మొహాన పడే దక్షిణపు గాలి.
గోడలు చెమర్చే, డబ్బాలో ఉప్పు నీరుగారే గాలి.

స్కానర్ కట్టేశాను.
టార్చీ, మల్టీమీటరూ, వీపు కిందికో అట్టముక్క.
ఎర్త్ తీగలన్నీ ఒక్కొక్కటే పలకరించాను.
ఊరికే అడిగితే మీటరు సున్నా చూపిస్తుంది,
క్షేమమే అంటుంది.
"హెడ్‌లైట్లు వెయ్యి! ఫ్యాన్ వెయ్యి!
వెనకద్దం హీటరు కూడా!" అని కిందనుంచి అరిచాను.
బరువు మోస్తున్నప్పుడు అడగాలి, ఎవర్నైనా.
సున్నా పాయింట్ ఎనిమిదికి ఎగిరింది అంకె.

బ్యాటరీ పళ్లెం కింద,
నా చెయ్యి దూరని, జోర్కా చెయ్యే దూరే మూల,
పది నంబరు బోల్టు ఒకటి.
దాని చుట్టూ కిలుము,
తోమని రాగిచెంబు మెడకి పట్టినట్టు, పచ్చగా.
అన్ని పెట్టెలూ కాలూనింది అక్కడే.
నేల కదిలితే
నిలబడ్డ ప్రతివాడూ పక్కవాడు తోశాడంటాడు.

ఉప్పు చేసిన పని
ఉప్పుకాగితంతోనే గీకింది జోర్కా.
రాగి ఎర్రగా బయటపడింది.
గ్రీజు రాసి బిగించాం. ఇరవై నిమిషాలు.
బిల్లులో ఏం రాయాలో తోచలేదు.
"శుభ్రం చేయుట" అని రాశాను.
డాక్టరు రెండుసార్లు చదివాడు.
"మేమూ ఇదే రాస్తాం" అని డబ్బిచ్చి వెళ్లిపోయాడు.

ఏప్రిల్లో మళ్లీ సిరోకో వచ్చింది.
రోజంతా ఫోను వంక చూస్తూ కూర్చున్నాను.
మోగలేదు.
జోర్కా అమ్మమ్మకి మాత్రం మోకాళ్లు పట్టేశాయట.

రాత్రి షట్టరు దించి ఇంటికి పోతుంటే
నా వ్యానులో, ఆరేళ్లుగా వెలిగే ఇంజన్ దీపం
నేను అంటించిన నల్లటేపు అంచులోంచి
పసుప్పచ్చగా
నన్నే చూస్తోంది.